మొరాయించే డ్రయ్యర్‌ను పారేయనక్కర్లేదు, ‘డైరెక్ట్’ చేయనూ కూడదు

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారములు.

గత నెలలో మీ ఆదివారం అనుబంధంలో గృహోపకరణాల నిర్వహణ మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అందులో పనికొచ్చే విషయాలు చాలా ఉన్నాయి. అయితే బట్టలారబెట్టే డ్రయ్యర్ ఒకసారి తిరిగి మరోసారి మొరాయించడం మొదలుపెడితే దాని పని అయిపోయినట్లేనని, మరమ్మతుకు డబ్బు పోయడం కన్నా కొత్తది కొనుక్కోవడమే మంచిదని చెప్పిన మాటతో మాత్రం నేను ఏకీభవించలేకపోతున్నాను. 31 సంవత్సరాల పాటు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, పైగా సరిగ్గా ఇదే జబ్బుతో ఉన్న యంత్రంతో నిరుడు అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో మూడు వారాలు కుస్తీ పట్టినవాణ్ణి కనుక, నాకు తెలిసింది మీ పాఠకుల ముందు ఉంచాలనిపించింది. ఉత్తరం కొంత పొడవైంది. దయచేసి ప్రచురించగలరు.

మన ఇళ్లలో డ్రయ్యర్ అనగానే సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్‌లో రెండో తొట్టి గుర్తుకొస్తుంది. అది బట్టల్ని గిర్రున తిప్పి నీళ్లు పిండుతుందే తప్ప ఆరబెట్టదు. మిగతా పని మన డాబా మీది ఎండ చూసుకుంటుంది. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ డ్రయ్యర్ అంటే తడి బట్టల్ని పెద్ద డ్రమ్ములో తిప్పుతూ, వాటి మధ్య నుంచి వేడిగాలిని పంపి, మడత పెట్టుకోవడానికి సిద్ధంగా ఇచ్చే ప్రత్యేక యంత్రం. కొన్ని కాలనీల నియమాలు ఇంటి బయట తీగ కట్టి బట్టలు ఆరేయడానికి ఒప్పుకోవు కాబట్టి చాలా కుటుంబాలకు అది లేకపోతే రోజు గడవదు. పసిపిల్లలున్న ఇల్లయితే చెప్పనే అక్కర్లేదు. ఇక్కడి నుంచి ఆరు నెలల కోసం వెళ్లే నా వయసు తల్లిదండ్రులు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండి, ఆ యంత్రం ముందు నిలబడి ఏ మీట నొక్కాలో తెలియక తికమకపడటం నాకు తెలుసు కనుకనే ఈ విషయం తెలుగు పత్రికలో రావాల్సినదని నా అభిప్రాయం.

మా అమ్మాయి వాళ్లుండేది టెక్సాస్‌లో, డల్లాస్‌కు దగ్గరలో. ఇల్లు కొన్నప్పుడే వచ్చిన డ్రయ్యర్‌కు పదకొండేళ్లు. గుండ్రటి టైమర్ తిప్పి, స్టార్ట్ మీట నొక్కితే నడిచే పాత పద్ధతి యంత్రం అది. నేను వెళ్లేసరికే అది పేచీలు పెడుతోంది. మీట నొక్కితే ఒక్కోసారి వెంటనే తిరుగుతుంది, ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండదు, పది నిమిషాలాగి మళ్లీ నొక్కితే ఏమీ ఎరగనట్టు తిరుగుతుంది. పిలిపించిన మెకానిక్ పావుగంట చూసి టైమర్ పోయిందని చెప్పి కొత్తది వేసి, వచ్చిన ఖర్చుతో కలిపి దాదాపు 300 డాలర్లు తీసుకున్నాడు. నాలుగో రోజున యంత్రం మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి వాళ్ల కార్యాలయం ఫోనులోనే, అంత పాత యంత్రం మీద ఇంకా ఖర్చు పెట్టడం దండగ అని తేల్చేసింది. మీ వ్యాసంలోని సలహా చదవగానే నాకు ఆ ఫోను మాటే గుర్తొచ్చింది. ఆ మెకానిక్‌ను దుమ్మెత్తిపోయడం నా ఉద్దేశం కాదు. ఆయన ఉన్న పావుగంటలో యంత్రం ఐదుసార్లూ చక్కగా తిరిగిందట. కళ్ల ముందు కనిపించని లోపాన్ని ఎవరైనా ఊహించే చెప్పగలరు.

అసలు స్టార్ట్ కాని యంత్రానికీ, అప్పుడప్పుడు స్టార్ట్ కాని యంత్రానికీ చాలా తేడా ఉంది. మోటారులో కాలిపోయిన వైండింగు (రాగి తీగ చుట్ట) తనంతట తాను మళ్లీ అతుక్కోదు, తెగిన తీగ పది నిమిషాలాగితే కలవదు. ఒకసారి పనిచేసి మరోసారి చేయడం లేదంటే ఎక్కడో ఒక కాంటాక్టు, అంటే కరెంటు దారిని కలిపే లోహపు ముక్క, కలిసీ కలవకుండా ఉందని గానీ, ఏదో ఒక భాగం వేడెక్కి ఆగి చల్లారాక మళ్లీ కలుస్తోందని గానీ అనుకోవచ్చు. ఈ రెండు కారణాల్లో ఏది అయినా యంత్రాన్ని పారేయాల్సినంత పెద్దది కావడం అరుదు. అందుకే ఆ సలహా చదివినప్పుడు మనసుకు కష్టం కలిగింది.

ఆ డ్రయ్యర్‌లో మోటారుకు కరెంటు చేరే దారి ఎలా ఉంటుందో చెబితే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. వినాయక చవితి పందిట్లో వేలాడదీసే పాతకాలపు సీరియల్ సెట్టులో ఒక్క బల్బు పోతే వరుస మొత్తం ఆరిపోయేది కదా, సరిగ్గా అలాంటి వరుసే ఇది. టైమర్ కాంటాక్టు, తలుపు మూసినప్పుడు కలిసే డోర్ స్విచ్, వేడి హద్దు మీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజు, కొన్ని మోడళ్లలో బెల్టు తెగితే విడిపోయే స్విచ్, స్టార్ట్ మీట, మోటారు లోపల ఉండే ఓవర్‌లోడ్ రక్షణ, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వాటి క్రమం కంపెనీని బట్టి మారవచ్చు. ఏ ఒక్కటి చేయి వదిలినా మోటారు కదలదు, బయటి నుంచి చూసేవారికి అన్నీ ఒకేలాగే కనిపిస్తాయి. మోటారులో రెండు వైండింగులుంటాయి. ఒకటి మొదటి ఊపు ఇవ్వడానికి, రెండోది పరుగు నిలబెట్టడానికి. వేగం అందుకోగానే ఇరుసు మీద ఉండే సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఊపు ఇచ్చే వైండింగును తప్పిస్తుంది. మోటారు నిజంగా తిరిగితే తప్ప హీటరుకు కరెంటు వెళ్లకుండా చూసేది కూడా ఆ స్విచ్చే. ఎవరు రూపొందించారో గానీ ఎంత ముందుచూపు ఉన్న అమరిక! గాలి ఆడకుండా హీటరు ఒక్కటే వెలిగితే డ్రమ్ములో బట్టలు అంటుకుంటాయి కదా.

ఇందులో థర్మల్ ఫ్యూజు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. స్టార్ట్ కాని డ్రయ్యర్ అనగానే చాలామంది మొదట అనుమానించేది దాన్నే. చాలా యంత్రాల్లో అది సుమారు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెగుతుంది, ఒకసారి తెగితే మళ్లీ కలవదు, మార్చాల్సిందే. కాబట్టి నిన్న తిరగక ఈ రోజు తిరిగిన యంత్రంలో ఫ్యూజు మీద నింద మోపడానికి వీల్లేదు. దీనికి భిన్నంగా మోటారులోని ఓవర్‌లోడ్ రక్షణ వేడికి విడిపోయి, చల్లారాక దానంతట అదే కలుస్తుంది. అరగంటో గంటో ఆగితే తిరిగే యంత్రాల్లో చూడాల్సింది ఇటువైపు. పానా ముట్టుకోకుండా, ఒక్క పైసా ఖర్చు లేకుండా, ఆలోచనతోనే సగం అనుమానాలను ఇలా కొట్టిపారేయవచ్చని మా విద్యార్థులకు ఏటేటా చెప్పేవాణ్ణి.

నేను మొదట చేసిన పని మనవరాలి నోటుపుస్తకంలో ఒక పేజీ అడిగి తీసుకోవడం. డ్రయ్యర్ వేసిన ప్రతిసారీ తేదీ, అది ఆ రోజు ఎన్నో విడత, మీట నొక్కినప్పుడు ఏ శబ్దం వచ్చింది, తలుపు మూయగానే డ్రమ్ములో దీపం ఆరిందా లేదా, ఇవి రాయమని ఇంట్లో అందరికీ చెప్పాను. “ఇదేం పరీక్ష నాన్నా!” అని మా అమ్మాయి మొదట విసుక్కున్నా తప్పకుండా రాసింది. మొదటి రెండు వారాల్లో 22 సార్లు వేస్తే 7 సార్లు మొరాయించింది. ఆ ఏడింటినీ పక్కపక్కన పెట్టి చూసేసరికి అవి రెండు రకాలుగా విడిపోయాయి. ఐదుసార్లు మీట నొక్కినా పూర్తి నిశ్శబ్దం, అయితే తలుపును మోకాలితో గట్టిగా నొక్కి పట్టుకుంటే తిరిగింది. మిగతా రెండుసార్లు మోటారు గుర్రుమని మూలిగి, కొన్ని సెకన్లకు టిక్కుమని ఆగింది. ఆ రెండూ శనివారాలే, రెండూ వరుసగా మూడో విడత బట్టలు వేసినప్పుడే. నిశ్శబ్దం అంటే కరెంటు మోటారు దాకా చేరలేదని. మూలుగు అంటే కరెంటు చేరింది గానీ మోటారు కదలలేకపోయిందని. ఒకే జబ్బనుకుని అందరూ వెతుకుతున్నారు గానీ అక్కడున్నవి రెండు జబ్బులు. టైమర్ మార్చినా ఫలితం లేకపోవడానికి ఇదే కారణం.

ఈ లోపల ఒక సంగతి జరిగింది, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. మూడిళ్ల అవతల ఉండే ఖమ్మం అబ్బాయి, చాలా మంచివాడు, సాయంత్రం వచ్చి చూసి, “బాబాయిగారూ, దీనికింత ఆలోచన ఎందుకు, డోర్ స్విచ్ డైరెక్ట్ చేసేస్తే సరిపోతుంది. మా ఇంట్లో ఫ్యూజు కూడా అలాగే చేశాను, రెండేళ్లయింది, ఏమీ కాలేదు” అన్నాడు. డైరెక్ట్ చేయడం అంటే స్విచ్‌ను తప్పించి దాని రెండు తీగలను కలిపి టేపు చుట్టేయడమని మన పాఠకులందరికీ తెలుసు. మన ఊళ్లలో మోటార్లకూ మిక్సీలకూ గ్రైండర్లకూ తరతరాలుగా చేస్తున్న పనే ఇది. నేను ఆ అబ్బాయిని కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాను. డోర్ స్విచ్ డైరెక్ట్ చేస్తే తలుపు తెరిచినా డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది. ఆ డ్రమ్ము మూతి సరిగ్గా మూడేళ్ల పిల్ల ఎత్తులో ఉంటుంది. ఫ్యూజు డైరెక్ట్ చేస్తే వేడి ఎంత పెరిగినా ఆపేవాడు లేడు. రెండేళ్లు ఏమీ కాలేదన్నది ధైర్యానికి కారణం కాదు. ఆ ఫ్యూజు తెగిందంటే లోపల ఎక్కడో వేడి పేరుకుంటోందని, ఆ కారణం రెండేళ్లుగా అలాగే ఉండిపోయిందని అర్థం. మర్నాడే వాళ్లింటికి వెళ్లి ఇద్దరం కలిసి కొత్త ఫ్యూజు వేశాం.

మా అమ్మాయి యంత్రం విషయానికొస్తే, ముందు గోడ నుంచి ప్లగ్ పూర్తిగా ఊడదీశాను. మీట ఆపితే చాలదు. ఆ యంత్రానికి వెళ్లేది 240 వోల్టులు, దాని సర్క్యూట్ 30 ఆంపియర్లది. ప్లగ్ తీయకుండా మూత విప్పడం ప్రాణాలతో ఆడుకోవడమే. గ్యాసుతో వేడి చేసే రకం డ్రయ్యర్లు కూడా అక్కడ ఉంటాయి, వాటి గ్యాసు గొట్టాల జోలికి మనలాంటివాళ్లు అసలు పోకూడదు. పై పలక ఎత్తితే, లోపల మడిచి పెట్టిన ఒక కాగితం కనిపించింది. అది ఆ యంత్రం వైరింగ్ పటం. చాలా కంపెనీలు దాన్ని టైమర్ ఉండే పెట్టెలోనో, కింది పలక వెనుకనో ఉంచుతాయి. పదకొండేళ్లుగా అది అక్కడే ఉన్నా ఎవరూ విప్పి చూసిన జాడ లేదు.

డోర్ స్విచ్ తీగలు ఊడదీసి, మోటారు వైపు కాంటాక్టుకు మల్టీమీటర్ (కరెంటు దారి కలిసిందో లేదో కొలిచే మీటరు) పెట్టి, వేలితో స్విచ్‌ను 20 సార్లు నొక్కి చూశాను. బాగున్న స్విచ్ కరెంటుకు అడ్డు చెప్పదు కనుక మీటరు ప్రతిసారీ సున్నా ఓమ్‌లకు దగ్గరగా చూపించాలి. ఇది కొన్నిసార్లు ఒక ఓమ్ లోపు చూపించింది, కొన్నిసార్లు ముప్ఫై నలభై ఓమ్‌ల మధ్య ఊగిసలాడింది, మూడుసార్లు అసలు కలవనే లేదు. ఒక్కసారి నొక్కి మీటరు మోగింది కదా అని వదిలేసి ఉంటే ఈ లోపం దొరికేది కాదు. అప్పుడప్పుడు వచ్చే లోపాన్ని పట్టుకోవాలంటే పరీక్ష కూడా పదేపదే చేయాలి, తీగలను కదుపుతూ, స్విచ్‌ను నెమ్మదిగానూ గట్టిగానూ నొక్కుతూ చేయాలి. ఇక్కడ నేను కూడా మోసపోయిన ఒక చిన్న విషయముంది. తలుపు మూయగానే డ్రమ్ములో దీపం ప్రతిసారీ ఆరిపోతోంది కాబట్టి స్విచ్ బాగానే ఉందని మొదటి వారం అనుకున్నాను. కానీ ఆ స్విచ్‌లో దీపానికి ఒక కాంటాక్టు, మోటారుకు మరో కాంటాక్టు వేరువేరుగా ఉన్నాయి. దీపం కాంటాక్టు బాగుండి, మోటారు భారం మోసీ మోసీ రెండోది నల్లబడింది. పైగా తలుపు కీళ్లు కాస్త సడలడం వల్ల స్విచ్ పూర్తిగా నొక్కుకోవడం లేదు. కొత్త స్విచ్ 15 డాలర్ల లోపే వచ్చింది. కీళ్ల మరలు బిగించడానికి రెండు నిమిషాలు పట్టింది.

నిశ్శబ్దం రకం మొరాయింపు ఆ రోజుతో పోయింది. మూలుగు మిగిలింది.

దాని మూలం వెతకడానికి వెనుక పలక విప్పిన రోజు నేను చూసింది చూసి నిజంగా భయపడ్డాను. బట్టల నుంచి రాలే నూలు నూగు, అక్కడివాళ్లు లింట్ అంటారు, మోటారు చుట్టూ దిండులో దూదిలాగా కూరుకుపోయి ఉంది. మోటారుకు చల్లగాలి తగిలే సందులన్నీ పూడిపోయాయి. ఒకటో విడతకు వేడెక్కి, రెండో విడతకు మరింత వేడెక్కి, మూడో విడతకు దాని రక్షణ స్విచ్ విడిపోతోంది. నూగును పట్టే జల్లెడను రోజూ తీసి శుభ్రం చేసే ఇంట్లో నూగు లోపలికి ఎలా వచ్చిందా అని వెతికితే, తప్పు యంత్రంలో లేదు, గోడలో ఉంది. ఆ ఇంట్లో బట్టలుతికే గది ఇంటి నడిమధ్యన ఉంది. వేడిగాలి బయటకు పోయే నాలుగంగుళాల గొట్టం అటక మీదుగా ఇంటి కప్పు దాకా పోతుంది. అక్కడి నివాస భవనాల నియమావళి ప్రకారం అలాంటి గొట్టం మామూలుగా 35 అడుగులకు మించకూడదు, లంబకోణపు మలుపు ఉన్నచోటల్లా ఆ పొడవులో 5 అడుగులు తగ్గించి లెక్క కట్టాలి, చివర జాలీ బిగించకూడదు. ఇక్కడ ఎవరో పక్షులు దూరకుండా కప్పు మీద జాలీ బిగించారు. దానికి నూగు అతుక్కుని కంబళి ముక్కలాగా గట్టిపడింది. బయటకు దారి లేక గాలి వెనక్కి తన్ని, గొట్టం అతుకుల సందుల్లోంచి నూగును యంత్రం కడుపులోకే ఊదింది.

కప్పు ఎక్కే వయసు నాది కాదు కనుక గొట్టాలు శుభ్రం చేసేవారిని పిలిపించాం. వాళ్లు తీసిన నూగు ఒక పెద్ద బకెట్టు నిండింది. అంతకుముందు మందపాటి తువ్వాళ్లు ఆరడానికి గంటన్నర పట్టేది, ఆ తర్వాత ముప్పావు గంటలో ఆరాయి. గంటన్నర పడుతోందంటే ఏదో తేడా ఉందని ఏడాది ముందే గ్రహించాల్సింది. తువ్వాళ్లు మందం కదా అని సరిపెట్టుకున్నామని మా అల్లుడుగారు బాధపడ్డారు. నూగు ఎంత సులువుగా అంటుకుంటుందో చూపించడానికి పెరట్లో ఒక పిడికెడు నూగుకు అగ్గిపుల్ల అంటించాను. మా అమ్మాయి ముఖం పాలిపోయింది. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008 నుంచి 2010 వరకు లెక్కలు చూసి, ఇళ్లలో డ్రయ్యర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్ని ప్రమాదాలు జరుగుతున్నాయని, అయిదుగురు చనిపోతున్నారని, వందమంది గాయపడుతున్నారని అంచనా వేసింది. వాటికి మొదటి కారణం శుభ్రం చేయకపోవడం, 34 శాతం. స్టార్ట్ కాకుండా మొరాయించిన ఆ యంత్రం నిజానికి మా వాళ్లకు హెచ్చరిక చేసింది. ఆ హెచ్చరికను అర్థం చేసుకోకుండా యంత్రాన్ని మార్చి ఉంటే, కొత్త యంత్రాన్ని కూడా అదే పూడిపోయిన గొట్టానికి తగిలించి ఉండేవాళ్లం.

కరెంటు సరఫరా వైపు కూడా ఒక మాట. మన దేశంలో ఇంటికి వచ్చే 230 వోల్టులు ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉంటాయి. అక్కడ మన ఫేజులాంటి కరెంటు తీగలు రెండు (వాళ్లు ‘హాట్’ అంటారు), ఒక్కోదానికీ న్యూట్రల్‌కూ మధ్య 120, రెండింటి మధ్య 240 వోల్టులు. డ్రయ్యర్ హీటరు 240 మీద, మోటారు సాధారణంగా 120 మీద నడుస్తాయి. అందువల్ల ఆ రెండు తీగలకూ కలిపి ఉండే జంట బ్రేకరులో ఒక వైపు కలవకపోతే డ్రమ్ము తిరిగినా వేడి రాదు, రెండో వైపు కలవకపోతే మోటారే కదలదు, న్యూట్రల్ లూజుగా ఉంటే ఒకసారి తిరిగి ఒకసారి తిరగదు. ప్లగ్ తీశాక, వెనుక తీగ బిగించే చోట గోధుమ రంగు మచ్చలు గానీ, కరిగిన ప్లాస్టిక్ గానీ ఉంటే అదే లూజు కాంటాక్టుకు సాక్ష్యం. 1996 నుంచి అక్కడి విద్యుత్ నియమావళి కొత్త ఇళ్లలో డ్రయ్యర్‌కు ఎర్తు వేరుగా ఉండే నాలుగు తీగల సాకెట్టును తప్పనిసరి చేసింది. అంతకుముందు కట్టిన ఇళ్లలో మూడు తీగల సాకెట్లు ఉంటాయి, వాటిలో యంత్రం రేకు న్యూట్రల్‌కే కలిపి ఉంటుంది. ఆ న్యూట్రల్ తెగితే రేకు ముట్టుకున్నవారికి షాకు కొట్టే ప్రమాదముంది. కాబట్టి పాత ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్లు ముందుగా సాకెట్టును చూసుకోవాలి. తిరిగొచ్చేస్తూ డ్రయ్యర్‌ను కూడా ఓడలో వేయించుకుందామనుకునేవారికి కూడా ఇదే జవాబు. మోటారుకు కావలసిన 120 వోల్టులు మన సాకెట్టులో దొరకవు, మన కరెంటు 50 హెర్ట్జులు, వాళ్లది 60.

మన రెండు తొట్ల మెషీన్ డ్రయ్యర్ దగ్గరకు వస్తే, యంత్రం వేరైనా వెతికే పద్ధతి అదే. నిశ్శబ్దమా, మూలుగా? నిశ్శబ్దమైతే మూత కింద ఉండే లిడ్ స్విచ్ రేకులు, టైమర్, ఎలుకలు కొరికిన తీగలు చూడాలి. ఎలుకల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మన ఇళ్లలో వెనుక పలక విప్పితే మొదట కనిపించేది చాలాసార్లు వాటి పనే. మూలుగైతే మొదటి అనుమానం మోటారుకు ఊపు అందించే కెపాసిటర్ (మన మెకానిక్కుల మాటలో కండెన్సర్) మీద, రెండోది బ్రేకు తీగ మీద. మూత మూసినప్పుడు ఆ తీగ బ్రేకును విడిచిపెట్టాలి, సాగిపోతే బ్రేకు పట్టే ఉండి మోటారు తిరగలేదు. వేసవిలో పల్లెల్లో ఓల్టేజి పడిపోయినప్పుడు కూడా మోటారు ఇలాగే మూలుగుతుంది, అప్పుడు యంత్రాన్ని తప్పుపట్టి లాభం లేదు. కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా కరెంటును దాచుకుని ఉంటుంది కనుక, దాన్ని ఖాళీ చేయడం తెలియనివారు ముట్టుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, లిడ్ స్విచ్ డైరెక్ట్ చేసిన మెషీన్‌లో మూత తెరిచి, తొట్టి ఇంకా తిరుగుతుండగానే చీర కొంగు బయటకు లాగబోయిన ఒక గృహిణి చేతి మణికట్టు విరిగిన సంగతి మా వీధిలోనే జరిగింది. ఆ పని చేసి పెట్టిన ఎలక్ట్రీషియన్ నా దగ్గర చదువుకున్నవాడే అని తెలిసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

సంపాదకుల వారికి నా విన్నపం రెండు విషయాల్లో. మొదటిది, ఆ వ్యాసంలోని సలహాను దయచేసి సవరించండి. మరమ్మతు చేసుకునే వీలు కోసం చట్టాలే వస్తున్న కాలమిది. కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, టోకు ధర 100 డాలర్లు, ఆపైన ఉన్న గృహోపకరణాలకు తయారీ ఆపిన తర్వాత కూడా ఏడేళ్ల పాటు విడిభాగాలు, పనిముట్లు, మరమ్మతు వివరాలు అందుబాటులో ఉంచాలి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ ప్రారంభించింది. ఇలాంటప్పుడు పత్రికలే పారేయమని చెప్పడం తగదు.

రెండోది, వారానికి అర పేజీ అయినా ఇంటి యంత్రాల మరమ్మతుకు కేటాయించండి, అది మన మెకానిక్కులు మాట్లాడే తెలుగులో ఉండాలి. ఫేజు, న్యూట్రల్, లూజు కాంటాక్టు, కండెన్సర్ వంటి మాటలు మన ఇళ్లలో ఎప్పుడో స్థిరపడ్డాయి. వాటిని వదిలి ఎవరికీ అర్థంకాని అనువాద పదాలు వాడితే చదివేవారు సగంలోనే వదిలేస్తారు. ఐటీఐ నుంచి బయటకు వచ్చే పిల్లలకు కొత్త యంత్రాల వైరింగ్ పటాలు తెలుగు వివరణతో చూసే అవకాశం ఎక్కడా లేదు. వాళ్లకు డైరెక్ట్ చేయడం తప్ప మరో దారి మనం చూపించలేదు. మా అమ్మాయి యంత్రంలో దొరికిన పటాన్ని నేను తెల్ల కాగితం మీద మళ్లీ గీసి, ప్రతి భాగానికీ తెలుగులో పేరు రాసి, ఏ రెండు చోట్ల మీటరు పెడితే ఎంత చూపించాలో పక్కన గుర్తు పెట్టాను. రెండు తొట్ల మెషీన్‌కు కూడా అలాగే ఒకటి గీశాను. ఈ ఉత్తరంతో పాటు ఆ రెండు పటాలూ జతచేస్తున్నాను. ప్రచురణకు తగినవని మీరు భావిస్తే వాడుకోండి, నాకు పారితోషికం అక్కర్లేదు. స్థలం లేదనుకుంటే, మీ ఊళ్లోని ఏదైనా ఐటీఐ వర్క్‌షాపు గోడకు అంటించమని ఇప్పించినా చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత ఎలక్ట్రీషియన్ ట్రేడు బోధకుడు,
తెనాలి.